హీరో వేషం దిగిన దారులు

జగపతిబాబు గొంతు హీరోకు పనికిరాదని తొలిరోజుల్లో నిర్మాతలు తేల్చేశారు. తండ్రి వి.బి.రాజేంద్రప్రసాద్ నిర్మించిన 'సింహస్వప్నం' (1989)తో తెరకెక్కినా, మొదటి కొన్నేళ్లు తెరమీద మనిషి ఆయన, మాట వేరొకరిది. 1993లో 'గాయం' తీసిన రామ్‌గోపాల్ వర్మ పట్టుబట్టి ఆయన డబ్బింగ్ ఆయనచేతే చెప్పించారు. ఆ బొంగురు గొంతే ఇరవయ్యేళ్ల తర్వాత 'లెజెండ్' (2014)లో నెరిసిన గడ్డం వెనకనుంచి వినిపించి, తెలుగు సినిమాకు కొత్త ప్రతినాయకుణ్ణి ఇచ్చింది. ఆ రెండు సినిమాల మధ్య ఒక గడ్డుకాలం ఉంది. అప్పుడు ఫిల్మ్‌నగర్ ఆయన గురించి అనుకున్న మాట ఒక్కటే: పనైపోయింది.

ఈ మాట ముందుగా పుట్టేది బయ్యర్ల దగ్గర, అంటే సినిమాను ఏరియాలవారీగా కొనే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర. దశాబ్దాలపాటు తెలుగు సినిమాకు పెట్టుబడి డిస్ట్రిబ్యూటర్ల నుంచే వచ్చేది. నిర్మాత ఒక హీరో డేట్లు సంపాదిస్తే చాలు, నైజాం, సీడెడ్, ఆంధ్ర ఏరియాల వారీగా అడ్వాన్సులు అందేవి. ఆ డబ్బుతోనే షూటింగ్ నడిచేది. వరుసగా రెండు సినిమాలు నష్టం తెచ్చాయంటే మూడోదానికి బయ్యరు రేటు తగ్గించి అడుగుతాడు, నాలుగోదానికి ఫోన్ ఎత్తడు. నటన తగ్గిందా పెరిగిందా అన్న ప్రశ్న ఆ లెక్కలోకి రానే రాదు. హీరో మార్కెట్ అంటే ఆయన పేరుమీద పుట్టే అప్పు అన్నమాట. ఆ అప్పు పుట్టని రోజు నుంచి ఆయన మాజీ హీరోయే.

వయసు మీద పడితే హీరో వేషాలు పోతాయనుకోవడం సగమే నిజం. ఎన్టీఆర్ 1972లో 'బడిపంతులు'లో ముసలి మాస్టారుగా నటించారు. అందులో ఆయన మనవరాలు చిన్నారి శ్రీదేవి. ఏడేళ్లు తిరక్కుండా 'వేటగాడు' (1979)లో అదే శ్రీదేవి ఆయన సరసన హీరోయిన్. ఆయనకు యాభై ఆరేళ్లు, ఆమెకు పదహారు నిండలేదు. ఇవాళ చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ బయ్యర్లకు ఎన్టీఆర్ పేరు కావాలి, ఆ పేరు చెల్లినంతకాలం వయసు ఎవరికీ అడ్డం కాలేదు.

ఒకే సినిమాలో నాలుగు తరాల హీరోగిరీని చూడాలంటే 'లవకుశ' (1963) చూడాలి. రాముడు ఎన్టీఆర్, అప్పటికి తిరుగులేని కథానాయకుడు. వాల్మీకి నాగయ్య, ఒకప్పుడు అదే స్థానంలో ఉన్నవాడు. లక్ష్మణుడు కాంతారావు, జానపదాల్లో హీరోగా వెలుగుతున్నవాడు. శత్రుఘ్నుడి చిన్న వేషంలో శోభన్‌బాబు, ఇంకా అవకాశాల కోసం తిరుగుతున్నవాడు. వీళ్లలో ఎన్టీఆర్ హీరోగానే రాజకీయాల్లోకి వెళ్లారు. మిగతా ముగ్గురూ ఆ కుర్చీ దిగిన తీరు మూడు రకాలు.

చిత్తూరు నాగయ్య పోతనగా, 'త్యాగయ్య' (1946)గా, 'యోగి వేమన' (1947)గా నటించినప్పుడు జనం ఆయన్ని నటుడిగా చూడటం మానేశారు, దండాలు పెట్టారు. ఆయనే పాడతారు, సంగీతం కూర్చుతారు, దర్శకత్వం వహిస్తారు. యాభైల దశకంలో పడుచు హీరోలు వచ్చేసరికి ఆయన తండ్రి పాత్రలకు మళ్లారు. 'పాండురంగ మహత్యం' (1957)లో వేశ్యావ్యామోహంలో పడ్డ కొడుకు పుండరీకుడు ఎన్టీఆర్ అయితే, ఆ కొడుకు చేతిలో అవస్థలు పడే తండ్రి నాగయ్య. ఈ దిగుదలలో ఆయన పేరుకు మచ్చ పడలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది, దక్షిణాది నటుల్లో ఆ గౌరవం అందుకున్న తొలివ్యక్తి ఆయనే. మచ్చ పడింది సంసారానికి. సంపాదించిన రోజుల్లో అడిగినవాడికల్లా పెట్టిన చెయ్యి, సొంత సినిమాలకు పోసిన డబ్బు కలిసి ఆయన్ని ఖాళీ చేశాయి. 1973 డిసెంబరులో మద్రాసులో కన్నుమూసేనాటికి మిగిలింది పేరొక్కటే. పానగల్ పార్కులో విగ్రహం తర్వాత వచ్చింది.

కాంతారావు కథలో పతనానికి కారణం వేరు. కోదాడ దగ్గర గుడిబండ నుంచి వచ్చిన ఆయన్ని జనం కత్తి కాంతారావు అనే పిలిచారు. దర్శకుడు విఠలాచార్య చవకగా, చురుగ్గా తీసే జానపదాలకు ఆయన ప్రాణం. 'గురువును మించిన శిష్యుడు' (1963) లాంటి సినిమాలు చిన్న ఊళ్లలో ఏళ్లతరబడి మళ్లీ మళ్లీ ఆడాయి. డెబ్బైల్లో రంగులొచ్చి, సాంఘికాలు జోరందుకున్నాక కత్తియుద్ధాల సినిమాయే తగ్గిపోయింది. ఆయన్ని దాటి ఇంకో కత్తివీరుడు వచ్చాడని కాదు, ఆ బరిలోనే మనుషులు లేకుండాపోయారు. దానికి తోడు నిర్మాతగా తీసిన సినిమాలు ఆస్తుల్ని కరిగించాయి. చివరి రోజుల్లో చిన్నా చితకా వేషాలకు, సీరియళ్లకు ఒప్పుకున్నారు. ఒక తరం పిల్లలందరికీ రాకుమారుడైన మనిషిని పరిశ్రమ అలా వదిలేయడం సిగ్గుపడాల్సిన విషయం. రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు, నిజమే. పురస్కారంతో ఇల్లు గడవదు.

శోభన్‌బాబు ఈ ఇద్దరినీ కళ్లారా చూశారు. ఆయన సంపాదన భూముల్లోకి వెళ్లింది, సాయంత్రం ఆరయ్యాక షూటింగ్‌లో ఉండేవారు కాదు, ఆదివారం పని పెట్టుకునేవారు కాదు. 1996లో 'హలో గురూ' తర్వాత మళ్లీ మేకప్ వేసుకోలేదు. 'అతడు' (2005)లో తాత పాత్రకు అడిగితే ఒప్పుకోలేదని ఆ సినిమా నిర్మాత మురళీమోహన్ తర్వాత చెప్పారు. జనం మనసులో సోగ్గాడిగానే ఉండిపోవాలన్నది ఆయన పట్టుదల. దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ నిర్ణయం వల్ల మనకు దక్కకుండాపోయిన పెద్దతరహా పాత్రలను తలచుకుంటే బాధేస్తుంది. 'కార్తీకదీపం'లో అంత అదుపుగా నటించిన మనిషి అరవై దాటాక ఏం చేసి ఉండేవారో ఊహించుకోవాల్సిందే.

జగపతిబాబుకు అంత భూమీ లేదు, మొండితనమూ లేదు. 'శుభలగ్నం' (1994), 'మావిచిగురు' (1996) ఆయన్ని ఆడవాళ్లు మెచ్చిన హీరోను చేశాయి. భార్య కోటి రూపాయలకు అమ్మేసిన భర్తగా ఆయన మొహంలో కనిపించిన అవమానం ఇప్పటికీ గుర్తుంటుంది. అయితే సరిగ్గా 1995లోనే జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. మధ్యాహ్నం ఆటకు వచ్చే గృహిణులు క్రమంగా సీరియళ్లకు అంటుకుపోయారు, థియేటర్ తొలివారం కుర్రకారు చేతికి వెళ్లింది. కుటుంబ కథల హీరోలందరికీ నెమ్మదిగా కింద నేల కదలడానికి అసలు కారణం ఇదే అనిపిస్తుంది. రెండువేల తర్వాత జగపతిబాబు సినిమాలు వస్తూనే ఉన్నాయి, ఆడేవి తగ్గాయి. చేతిలో సినిమాలు లేని రోజుల్నీ డబ్బు ఇబ్బందుల్నీ ఆయన ఇంటర్వ్యూల్లో దాచుకోలేదు.

అలాంటి సమయంలో బోయపాటి శ్రీను 'లెజెండ్' తెచ్చారు. జుట్టుకు రంగు వేయలేదు, కనుబొమ్మ ఎత్తితే చాలు, ఎదుటివాళ్లు తలవంచాల్సిందే. ఆ ఏడాది ఉత్తమ ప్రతినాయకుడి నంది ఆయనకే. ఆ తర్వాత 'నాన్నకు ప్రేమతో', మలయాళంలో మోహన్‌లాల్ 'పులిమురుగన్' (రెండూ 2016). 'రంగస్థలం' (2018)లో ఊరి ప్రెసిడెంటు ఫణీంద్ర భూపతి అరవడు. మంచంమీదో కుర్చీలోనో కూర్చుని తక్కువ మాటలతో ఊరిని గుప్పిట్లో పెట్టుకుంటాడు. అదే ఏడాది 'అరవింద సమేత'లో బసిరెడ్డి మెడమీద కత్తిగాటు, అందులోంచి జీరగా, గీరుకుపోతూ వచ్చే మాట. హీరోకు పనికిరాదన్న గొంతుకు రచయితలు ఇప్పుడు పాత్రలు రాస్తున్నారు. హీరో శ్రీకాంత్ కూడా 'అఖండ' (2021)లో విలన్‌గా నటించి అదే బాటలో నడిచారు.

ఈ బాట ఆడవాళ్లకు మాత్రం ఇంత విశాలంగా లేదు. 'శుభలగ్నం'లో భర్తను అమ్ముకున్న రాధగా నటించిన ఆమని, సరిగ్గా పదేళ్లకు 'ఆ నలుగురు' (2004)లో పెళ్లీడు పిల్లల తల్లి. అప్పటికి ఆమెకు ముప్పై దాటి ఎన్నాళ్లో కాలేదు. ఆమె పక్కన నటించిన జగపతిబాబు అప్పటికింకా హీరోయే. రమ్యకృష్ణకు 'నరసింహ' (1999)లో నీలాంబరి, 'బాహుబలి'లో శివగామి దొరికాయి. అలాంటి పాత్ర ఇంకొకటి చెప్పమంటే సినిమావాళ్లు కూడా కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.