కొండ మీద రెండు యుద్ధాలు

మొన్న దసరాకి వన్ టౌన్‌లో మా తమ్ముడింటికి వెళ్తే, అడుగు పెట్టగానే నా మీద ఒక తీర్పరి బాధ్యత పడింది. మా మేనకోడలు బి.టెక్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్ నుంచి సెలవులకి వచ్చింది. తమ్ముడి కోసం కొన్న ప్లేస్టేషన్‌లో ఆడుకోవడానికి తనకో గేమ్ కావాలని నాన్నని అడిగింది. దాని పేరు యూఎఫ్‌సీ 5. చుట్టూ కంచె కట్టిన ఎనిమిది మూలల బరిలో ఇద్దరు మనుషులు గుద్దుకుని, తన్నుకుని, కిందపడేసి, మెడో మోచెయ్యో మెలిపెట్టి అవతలివాళ్ళచేత ఓటమి ఒప్పించే ఆట. బాక్సింగ్, కుస్తీ, జూడో అన్నీ కలిసిన ఈ పోటీని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటున్నారు.

"ఆడపిల్ల ఆడే ఆటేనా అక్కా అది? మొహాలు పగిలి రక్తాలు కారుతున్నాయి. హిస్టరీ లెక్చరర్‌వి, నాలుగు పుస్తకాలు చదివినదానివి, నువ్వు చూసి చెప్పు. సరేనంటే కొనిస్తాను" అన్నాడు తమ్ముడు. కొడుకు అదే టీవీ ముందు కూచుని రోజూ తుపాకులతో వందమందిని కాలుస్తుంటే ఏ తీర్పరినీ పిలవలేదు. ఆ మాట అన్నాను. "వాడు మగపిల్లాడు కదా" అనలేదు గానీ, తలొంచుకుని కాఫీ తాగాడు.

నాకు ఈ ఆటల గురించి తెలిసింది తక్కువ. కానీ వాటి గడప తెలుసు. 1994లో కొత్తపేట దగ్గర ఒక సందులో వీడియో గేమ్స్ షాపు ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. అప్పుడు నేను ఇంటర్, తమ్ముడు పదో తరగతి. స్ట్రీట్ ఫైటర్, ఇంకా ఊరూరా పిల్లలంతా 'ముస్తఫా' అని పిలుచుకున్న ఆట ఉండేవి. దాని అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఒకరోజు నా చేతిలోనూ రూపాయి ఉంది. షాపాయన నా వైపు చూసి, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఇక్కడ" అన్నాడు. కోపంగా కూడా కాదు, జాలిగా. నేను గడప బయట సైకిల్ పట్టుకుని నిలబడి, తెర మీద వెలుగు మాత్రం చూశాను.

1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ రెండో భాగంలో మనం ఎంచుకోగల యోధులు ఎనిమిదిమంది. అందులో ఒకే ఒక్క ఆడది, చున్ లీ. ముస్తఫా ఆటలో నలుగురికి ఒకతె, హానా. మా తమ్ముడు చున్ లీని ఎప్పుడూ ఎంచుకునేవాడు కాదు. "ఆడదాన్ని పెట్టుకుని గెలిస్తే గొప్పేముంది, ఓడితే పరువు పోతుంది" అని వాడి స్నేహితులు అనేవారట. పదిహేనేళ్ళ పిల్లలు అన్న ఆ మాట మీద నేనిప్పుడు ఒక సెమినార్ పేపర్ రాయగలను.

ఇక తీర్పు సంగతి. మేనకోడలు తన స్నేహితురాలి దగ్గర్నించి ఆ డిస్క్ రెండురోజులకి తెచ్చింది. మూలా నక్షత్రం రోజు సాయంత్రం, కింద వినాయకుడి గుడి దగ్గర్నించి క్యూ సాగుతుంటే, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు పిలుస్తుంటే, నేను మేడ మీద గదిలో ఆ ఆట ముందు కూచున్నాను. కిటికీలోంచి ఇంద్రకీలాద్రి దీపాలు కనిపిస్తున్నాయి.

ఈ కొండకి రెండు యుద్ధాల కథలున్నాయి. చిన్నప్పటి నుంచీ రెండూ విన్నాను గానీ పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు. మొదటిది అర్జునుడిది. పాశుపతం కోసం తపస్సు చేస్తుంటే శివుడు కిరాతుడి వేషంలో వచ్చి పంది కోసం తగువు పెట్టుకుంటాడు. బాణాలు అయిపోతాయి, కత్తి పోతుంది, చివరికి చేతులు మిగులుతాయి. భారవి సంస్కృత కావ్యంలో అర్జునుడు పైకి ఎగిరిన శివుడి పాదాలు పట్టుకుంటాడు. పడేయడానికి పట్టుకున్న కాళ్ళే మొక్కిన పాదాలవుతాయి. శివుడు కౌగిలించుకుంటాడు. బెజవాడలో దొరికిన వెయ్యేళ్ళు పైబడిన రాతి స్తంభం మీద ఈ కథే చెక్కి ఉంది. నిలబెట్టించినవాడు త్రికోటి బోయి. కొండ మీది మల్లేశ్వరుడి పేరుకీ రెండు కథలు చెబుతారు. బ్రహ్మ మల్లెపూలతో పూజించాడు కాబట్టి అని ఒకటి, అర్జునుడితో మల్లయుద్ధం చేశాడు కాబట్టి అని ఇంకొకటి. ఒకే పేరులో పువ్వూ కుస్తీ పట్టూ ఇమిడిపోయాయి. మగదేవుడికి ఆ వెసులుబాటు ఉంది.

రెండోది అమ్మవారిది. మహిషాసురమర్దని. చేతినిండా ఆయుధాలు, కాలికింద దున్నపోతు రాక్షసుడు. మా చిన్నప్పుడు ఆ అలంకారం రోజు అమ్మ తప్పకుండా తీసుకెళ్ళేది. అమ్మవారి యుద్ధంలో కౌగిలి లేదు, రెండో రౌండు లేదు. ఓడిపోయే వీలు అసలే లేదు. ఆవిడ ఓడితే లోకాలు పోతాయి. మగవాళ్ళ కథలో పార్వతి కూడా ఉంది, వేటకత్తె వేషంలో భర్త వెంట వచ్చి పక్కన నిలబడి చూస్తుంది.

ఈ తేడా నన్ను చాలాసేపు పట్టుకుంది. మన కథలు ఆడదానికి యుద్ధం ఇచ్చాయి, పోటీ ఇవ్వలేదు. ఓడిపోయి, దుమ్ము దులుపుకుని, అవతలివాడి చెయ్యి అందుకుని ఇంటికి వెళ్ళగలిగే కొట్లాట అర్జునుడిదే. ఆడది చెయ్యెత్తాలంటే ప్రాణం మీదకో మానం మీదకో రావాలి. ప్రమీల కథ చూడండి. ఆడవాళ్ళ రాజ్యాన్ని ఏలిన రాణి, అశ్వమేధం గుర్రాన్ని కట్టేసి అర్జునుణ్ణే ఎదిరించింది. ఆ యుద్ధం తేలేది పెళ్ళిలో.

ఇది పురాణమే కదా అనుకోవద్దు. 1950లలో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన హమీదా బాను మగ వస్తాదులతో కుస్తీ పట్టేది. నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళి చేసుకుంటానని సవాలు విసిరింది. 1954 మేలో బరోడాలో బాబా పహిల్వాన్‌ని నిమిషం 34 సెకన్లలో ఓడించింది. ఆమె గెలిచిన పట్ల కంటే ఆ పందెం నన్ను కలవరపెడుతుంది. టిక్కెట్లు అమ్మడానికి అదో ఎత్తుగడ కావచ్చు. కానీ గోదాలోకి రావడానికి ఒక మగవాడు పెట్టాల్సింది ఒక సాయంత్రం, ఆమె పెట్టాల్సి వచ్చింది జీవితం. చివరి రోజుల్లో బొంబాయి దగ్గర కళ్యాణ్‌లో పాలు అమ్ముకుని బతికిందంటారు.

'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకి తెలంగాణ సాయుధ పోరాటంలో రోకళ్ళూ కారప్పొడీ పట్టుకున్న ఆడవాళ్ళు గుర్తుంటారు. దళానికి నాయకత్వం వహించిన మల్లు స్వరాజ్యం ఉంది. వాళ్ళ ముందు వీడియో గేమ్ మాట ఎత్తడానికే సిగ్గేస్తుంది. అయినా వాళ్ళదీ అమ్మవారి యుద్ధమే, ఓడితే ఇల్లు తగలబడే యుద్ధం. ఆటగా కొట్లాడే తీరిక వాళ్ళకెవరిచ్చారు?

నా యుద్ధం సంగతి కూడా చెప్పాలి. దసరా జనంలోకి వెళ్ళేముందు అమ్మ నా ఓణీకి అదనంగా ఒక పిన్నీసు పెట్టేది. "ఎవడన్నా మీద చెయ్యేస్తే గుచ్చు. వెనక్కి తిరిగి చూడకు" అనేది. పదహారో ఏట, క్యూలో, ఒక చెయ్యి పడింది. గుచ్చాను. ఎవరో 'అబ్బా' అన్నారు. అమ్మ చెప్పినట్టే తిరిగి చూడలేదు. ఆ తర్వాత గర్భగుడి దాకా వణుకుతూనే ఉన్నాను, వాడు నన్ను గుర్తుపట్టి వెంటపడతాడేమోనని. గుచ్చుకున్నది ఆ చేతికేనా, పక్కనున్న ఏ ముసలాయనకో తగిలిందా? నేను గెలిచానో ఓడానో ఇప్పటికీ తెలియదు. మా తరం ఆడవాళ్ళకి అందిన పోరాట విద్య మొత్తం అంతే, ఒక పిన్నీసు, తిరిగి చూడకు అనే ఒక సలహా.

ఇప్పుడు ఆట. ఈ బరి కూడా ఆడవాళ్ళకి గౌరవంగా తెరుచుకున్నది కాదు. యూఎఫ్‌సీ మొదటి పోటీ 1993 నవంబర్‌లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగింది. దాని అధిపతి డేనా వైట్ 2011లో కూడా ఆడవాళ్ళు ఇందులోకి ఎప్పటికీ రారని చెప్పాడు. ఆ తర్వాత, 2013 ఫిబ్రవరి 23న, రోండా రౌజీ, లిజ్ కార్ముష్ ఆ బరిలో మొదటిసారి తలపడిన ఆడవాళ్ళయ్యారు. రౌజీ బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం గెలిచిన మనిషి. కార్ముష్ తను లెస్బియన్‌నని దాచుకోకుండా ఆ బరిలోకి దిగిన మొదటి యోధురాలు. ఆ మర్నాడు సిద్ధాంతం మారిందా, టిక్కెట్ల లెక్క మారిందా అని అడిగితే నేను రెండోదే అంటాను. ఇదే డేనా వైట్ 2022 డిసెంబర్ 31 రాత్రి ఒక క్లబ్బులో భార్యతో గొడవపడి ఇద్దరూ చెంపదెబ్బలు కొట్టుకున్న వీడియో బయటికి వచ్చింది. తను చేసినదానికి సాకు లేదన్నాడు. పదవిలో మాత్రం కొనసాగాడు. బరి లోపల దెబ్బకి రిఫరీ ఉన్నాడు, బయటి దెబ్బకి లేడు.

వీడియో గేమూ అసలు పోటీ వెనకే నడిచింది. ఈఏ కంపెనీ 2014లో తెచ్చిన మొదటి యూఎఫ్‌సీ గేమ్‌లో ఆడవాళ్ళు ఒకే ఒక్క బరువు విభాగంలో ఉన్నారు. మనకి నచ్చిన ముఖంతో ఒక అమ్మాయిని తయారుచేసి ఆడించే వీలు 2016లో గానీ రాలేదు. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఈ అయిదో ఆట అట్ట మీద కిర్గిజిస్తాన్ అమ్మాయి వలెంటీనా షెవ్‌చెంకో ఉంది. లోపల 52 కిలోల విభాగం నుంచీ ఆడవాళ్ళు బోలెడుమంది. చున్ లీ ఇప్పుడు ఒంటరిది కాదు.

మొదట నాకు వాంతి వచ్చినంత పనైంది. కనుబొమ్మ చిట్లుతుంది, కన్ను వాస్తుంది, దెబ్బ తగిలిన చోటే మళ్ళీ తగిలితే రక్తం చాప మీద పడుతుంది. ఈ రక్తాన్ని చూపించడంలో వాళ్ళు పడిన శ్రమ చూస్తే, అది నిజం కోసమా, నోరూరించడానికా అనే అనుమానం నన్ను వదల్లేదు. పదిహేడేళ్ళు నిండనివాళ్ళకి ఇవ్వకూడదని డబ్బా మీదే ఉంది, అది సరైన మాట. మనుషుల మధ్య ద్వేషాన్ని ప్రచారంగా అమ్ముకునే ధోరణి కూడా అసలు పోటీలోంచి ఆటలోకి దిగుమతయింది. ఇక ఖరీదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021లో 49,990 రూపాయలకి వచ్చింది. వస్త్రలతలో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు మడతపెట్టే అమ్మాయికి అది ఎన్ని నెలల జీతమో లెక్కవేస్తే, ఈ గడప ఇంకా ఎవరికి మూసి ఉందో తెలుస్తుంది.

అయితే అరగంట పోయాక వేరే సంగతి కనిపించింది. నేను భయంతో ఆపకుండా బటన్లు నొక్కుతున్నాను. తెర మీద నా మనిషి చేతులు వాలిపోయాయి, ఆయాసం వచ్చేసింది, ఒక్క దెబ్బకి పడిపోయింది. "అత్తా, అన్నీ ఒకేసారి కొట్టకు. దమ్ము అయిపోతుంది. ముందు దూరం చూసుకో, చేతులు మొహం ముందుంచుకో, తనేం చేస్తుందో చూడు" అంది మేనకోడలు. చూడు! తిరిగి చూడకు అని పెరిగినదాన్ని, అవతలి మనిషిని కళ్ళార్పకుండా చూడమని పంతొమ్మిదేళ్ళ పిల్ల నేర్పుతోంది. గాయం ఎక్కువైతే రిఫరీ ఆపి డాక్టర్ని పిలుస్తాడు. మెడ చిక్కుకుంటే చాలు అని తట్టి బయటపడొచ్చు. చాలు అంటే ఆగిపోయే కొట్లాట! మన ఇళ్ళలో తన్నులు తిన్న ఎంతమంది ఆడవాళ్ళకి ఆ సదుపాయం ఉంది?

ఆ సాయంత్రం నేను తొమ్మిదిసార్లు ఓడిపోయాను. ఏమీ కాలేదు. మా అమ్మకి తెలిస్తే ఏమనుకునేదో.

ఓటమి గురించి మేనకోడలు ఇద్దరి పేర్లు చెప్పింది. ఒకరు మన నిజామాబాద్ నిఖత్ జరీన్. 2019 డిసెంబర్‌లో ఒలింపిక్ అర్హత ట్రయల్లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడింది. ఆ ట్రయల్ పెట్టమని అడిగినందుకే ఎన్ని మాటలు పడిందో అందరూ చూశారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియనైంది, 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. రెండోవారు పూజా తోమర్, యూఎఫ్‌సీతో ఒప్పందం కుదుర్చుకున్న మొదటి భారతీయ మహిళ. 2024 జూన్ 8న మొదటి పోటీ గెలిచింది, 2025 మార్చిలో లండన్‌లో రెండోది ఓడిపోయింది. ఓడిన రాత్రి ఆమెని పెళ్ళి చేసుకుంటానని ఎవరూ రాలేదు. హమీదా బాను నుంచి ఇక్కడికి రావడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది.

ఈ ఆటతో ఆత్మరక్షణ వస్తుందా అని మర్నాడు తమ్ముడు అడిగాడు. రాదన్నాను. బటన్లు నొక్కితే బస్సులో చెయ్యి వేసినవాణ్ణి ఆపడం రాదు. అలా వస్తుందని చెప్పి కొనిపించడం మళ్ళీ అమ్మవారి యుద్ధమే అవుతుంది, ఆడపిల్ల చేసే ప్రతిదానికీ ఒక రాక్షసుణ్ణి కారణంగా చూపించాలి. నీ కొడుకు ఫుట్‌బాల్ గేమ్ ఎందుకు ఆడుతున్నాడో అందుకే అదీ ఆడుతుంది, బావుంది కాబట్టి. రక్తం ఎక్కువే, దాన్ని ఆడించే కంపెనీ పుణ్యాత్మురాలు కాదు, అయినా ఆడదగ్గ ఆటే అన్నాను. ఆడపిల్ల ఓడిపోయి నవ్వగలిగే కొట్లాట మన ఇంట్లో ఇదొక్కటే ఉందని కూడా అన్నాను. దానికి వాడేం మాట్లాడలేదు.

డిస్క్ తిరిగి ఇచ్చేయాల్సిన రోజు రాత్రి వాడే వచ్చి రెండో కంట్రోలర్ అందుకున్నాడు. కూతురు అప్పటికే షెవ్‌చెంకోని ఎంచుకుంది. ఆ ఆటలో ఆడ యోధురాలికి ఎదురుగా మగవాణ్ణి పెట్టడం కుదరదు. మా తమ్ముడు జాబితా అంతా అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఒక ఆడమనిషిని ఎంచుకున్నాడు. రెండో రౌండులో మెడ చిక్కించుకుని ఓడిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "దమ్ము చూసుకోలేదే. ఇంకోసారి పెట్టు" అన్నాడు.