దారి మనది, గుత్త ఎవరిది?



బజారులో కూరగాయలు బేరమాడుతూ “ఇంత ధరేమిటయ్యా?” అని అడిగి చూడండి. “లారీకి టోలుగేటు కట్టొద్దా తల్లీ!” అంటాడు కొట్టతను. మనం గడప దాటకపోయినా దారిసుంకం మన వంటింటిదాకా వస్తూనే ఉంటుందన్నమాట. అందుకని ఈ వారం ఆ సుంకం చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

రోడ్డుకు సుంకం కట్టడం ఒక ఎత్తు. ఆ సుంకం వసూలు చేసుకునే హక్కునే ఒకరికి గుత్తకివ్వడం మరో ఎత్తు. మామిడితోట గుత్తకిచ్చినవాళ్లను అడగండి, చెబుతారు. డబ్బు ముందుగా చేతికొస్తుంది, నిజమే. కానీ ఆ ఏటికి తోట మనది కాదు. గుత్తదారు పెట్టిన సొమ్ముకు రెండింతలు రాబట్టుకోవాలనే చూస్తాడు. అది అతని వ్యాపారం, తప్పు పట్టలేం. ఇచ్చేవాళ్లే లెక్క చూసుకుని ఇవ్వాలి.

ఇంగ్లండు పక్కనున్న వేల్సు దేశంలో ఒకప్పుడు పెద్ద రోడ్లు చాలావరకు ట్రస్టుల చేతిలో ఉండేవి. ఆ ట్రస్టులు గేట్లను వేలం వేస్తే గుత్తదార్లు పాడుకునేవారు. పొలానికి సున్నం తోలుకునే రైతులు, సున్నం ఖరీదుకంటే గేట్ల ఖర్చే ఎక్కువైపోతోందని మొరపెట్టుకున్నారు. 1839లో మగవాళ్లు ఆడవేషాలు కట్టి, బైబిలులోని రెబెకా పేరు పెట్టుకుని, రాత్రిళ్లు గేట్లు విరగ్గొట్టారు. 1843 నాటికి అది పెద్ద అలజడి అయింది. మరుసటి ఏడు సర్కారు చట్టం చేసి ట్రస్టులను కలిపేసింది, సున్నం బళ్లకు సుంకం సగానికి తగ్గించింది. చీర కట్టుకుంటేగానీ మగవాళ్లకు ధైర్యం రాలేదు, చూశారా!

అంత దూరం ఎందుకు? మన భద్రాచలం అడవుల్లోనే ఇలాంటి కథ ఉంది. అది దారి మీద సుంకం కాదు, చెట్టు మీద పన్ను. గుత్త తీరు మాత్రం అదే. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాము 1860లో ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. 1874లో అవి మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. అంతకుముందు పోడు కొట్టుకునేవాళ్లు గొడ్డలికి నాలుగణాల లోపే కట్టేవారు. కొత్త సర్కారు దాన్ని మూడింతలు చేసింది, కొన్నిచోట్ల అడవిలో పోడే వద్దంది. పక్కనున్న రంపలోనేమో కల్లు మీద హక్కును మైదానాల నుంచి వచ్చిన పాటదార్లకు గుత్తకిచ్చారు. సొంతానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. చిగురుపన్ను చాలదన్నట్టు మన్సబుదారు మొదలుపన్ను అని ఇంకొకటి తగిలించాడు. వేసవిలో కొండవాళ్లకు కల్లే సగం తిండి. ఇక ఎలా ఊరుకుంటారు?

1879 మార్చిలో రంపలో లేచిన పితూరీ జులై నాటికి రేకపల్లికి పాకింది. అణచడానికి మద్రాసు పటాలాలు చాలక హైదరాబాదు నుంచి కూడా బలగాలు తెప్పించారు. ఎన్ని ప్రాణాలు పోయాక సర్కారుకు బుద్ధి వచ్చిందనుకున్నారు! చివరికి మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. మధ్యవాడు పోయాడు.

ఇక మన కాలానికి వద్దాం. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రభుత్వం కట్టించిందే. 2023లో దాని టోలు వసూలును 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఐఆర్‌బీ అనే కంపెనీకి లీజుకిచ్చారు. టెండర్లు పిలిచాం, ఎక్కువ పాడినవారికే ఇచ్చాం అని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఇది కారుచౌక అని కాంగ్రెసు, బీజేపీ నాయకులు గొడవ చేశారు. అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న రేవంత్ రెడ్డి వివరాల కోసం హైకోర్టుదాకా వెళ్లారు. ఆయనే ముఖ్యమంత్రి అయ్యాక, 2024 డిసెంబరులో శాసనసభలో ప్రత్యేక దర్యాప్తు ప్రకటించారు. ఎవరిది ఒప్పో నేను తీర్పు చెప్పను. కానీ ఈరోజు ఒళ్లో ఆడుకునే పసిపాప పెళ్లయి తల్లయ్యేదాకా ఆ గుత్త నడుస్తుంది. అంత పొడుగాటి బేరం లెక్క ముందే ఊరందరికీ తెలియవద్దా?

అడిగితే ఏమవుతుందంటారేమో. ఢిల్లీ, నోయిడాల మధ్య 2001లో తెరిచిన డీఎన్‌డీ వంతెనదారి మీద ఓ కంపెనీ టోలు వసూలు చేసేది. పెట్టిన ఖర్చు వచ్చేసినా ఇంకా ఎందుకు కట్టాలని అక్కడి నివాసుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2016లో అలహాబాదు హైకోర్టు వసూలు ఆపించింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. వాళ్లు గేటు విరగ్గొట్టలేదు, లెక్కలడిగారు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కితే ఎదురుగా రామయ్య ఊరు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన ఆ వంతెనకు పునాది మన పన్నుల సొమ్మే. పాలవాడి లెక్క క్యాలెండరు మీద రాసుకునే మనం రోడ్డు లెక్క అడగలేమా? ఖర్చెంత, వచ్చిందెంత, ఇంకా ఎన్నేళ్లు? ఈ మూడు ప్రశ్నలు ఓటు అడగడానికి వచ్చినవారి ముందు పెట్టండి. సెలవు.