గల్ఫ్ ఆకాశం - కోనసీమ బతుకు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో "కువైటు వెళ్ళింది", "మస్కటు వెళ్ళాడు" అనే మాటలు పొరుగూరు వెళ్ళినంత మామూలుగా వినిపిస్తాయి. సెంటు భూమి లేని కుటుంబాల నుంచి స్త్రీలు యింటిపనికి, పురుషులు కట్టడాల పనికి ఆ దారి పట్టారు. వాళ్ళు పంపిన డబ్బును గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. వాళ్ళు ప్రయాణించే ఆకాశమార్గానికి కూడా ఒక చరిత్ర వున్నదనీ, అది రాజ్యాల తగవులతో ముడిపడి వున్నదనీ అంతగా చర్చించలేదు.

విమాన భద్రత అంటే విమానాశ్రయంలో సంచులు వెదకడమే అనుకుంటాం. అది ఒక భాగం మాత్రమే. గోదావరి పొంగినప్పుడు రేవు దాటేవాడికి గట్టి పడవ వుంటే చాలదు. అవతలి గట్టు సంగతి తెలిసినవాడు చెప్పాలి. ఉద్రిక్త కాలంలో విమానం సంగతీ అంతే. తెలిసిన ప్రభుత్వం తెలియని విమానానికి చెప్పడమే దౌత్య సహకారానికి మొదటి మెట్టని నా వాదన.

పౌర విమానాలపై ఆయుధాలు ప్రయోగించరాదని 1984లో షికాగో ఒడంబడికకు సవరణ ఆమోదించారు. నాలుగేళ్ళు తిరిగాయి. 1988 జూలై 3న, బందర్ అబ్బాస్ నుంచి దుబాయి వెళ్తున్న ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ కూల్చివేసింది. 290 మంది చనిపోయారు. యుద్ధనౌకలకూ, పౌర విమానాలను నడిపించే కేంద్రాలకూ మధ్య సరైన సంధానం లేకపోవడం ఆ ఘోరానికి ఒక కారణం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. అదే తెల్లవారుజామున లండన్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 149వ నంబరు విమానం అక్కడ దిగింది. దాని తర్వాతి మజిలీ మద్రాసు. ప్రయాణికులు సేనల చేత చిక్కారు. పలువురిని మానవ కవచాలుగా నిర్బంధించారు. విమానం గాలిలో వుండగానే కువైట్‌లోని బ్రిటిష్ రాయబారి తన విదేశాంగ శాఖకు కబురు చెప్పాడు. ఆ కబురు విమాన సంస్థకు అందలేదు. బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని బయట పెట్టింది 2021 నవంబరులో - 31 యేళ్ళ తర్వాత!

అదే యేడు యిందుకు భిన్నమైన వుదాహరణా వుంది. మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాదు వెళ్ళి సద్దాం హుస్సేన్‌ను కలిశాడు. ఇరాక్ దారి విడిచింది. జోర్డాన్ తన నేల మీద నిలవనిచ్చింది. జనం బస్సుల్లో ఎడారి దాటి అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి పౌర విమానాలు 488 సార్లు తిరిగి వాళ్ళను బొంబాయి చేర్చాయి. అక్టోబరు నాటికి మొత్తం మీద 1,70,000 మంది దాకా స్వదేశం వచ్చారు.

దురాక్రమణదారును కౌగిలించుకోవడం నీతియా అని గుజ్రాల్‌ను విమర్శించారు. కువైట్ ప్రజల పక్షాన ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఎడారిలో చిక్కిన కూలివాడి పక్షాన ఆలోచిస్తే, ఆ మాటామంతీ లేకుండా అమ్మాన్‌లో ఒక్క విమానమైనా నిండేది కాదు. దౌత్యం తెరిచిన దారి కూడా అందరికీ సమానం కాదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో వుంటే పనిమనిషి సరిహద్దు దాటడం యెట్లా?

ఈ పాఠం ప్రభుత్వాలకు వొంటబట్టలేదు. 2020 జనవరి 8న టెహరాన్ దగ్గర ఇరాన్ క్షిపణులు ఉక్రెయిన్ విమానాన్ని కూల్చి 176 మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ రాత్రి ఇరాన్ అమెరికా స్థావరాలపై దాడి చేసి, తన ఆకాశాన్ని మాత్రం పౌర విమానాలకు తెరిచే వుంచింది.

ప్రమాద సమాచారం ఏ రాజ్యానికీ సొంత ఆస్తి కాకూడదు. దాన్ని దాచడం నేరంగా పరిగణించే అంతర్జాతీయ ఒప్పందం కోసం మనం అడగాలి. వలస పోయే శ్రామికుల భద్రత గురించి మాట్లాడేటప్పుడు వీసా, జీతంతో పాటు ఈ కోరికనూ చేర్చాలి. రాజోలు నుంచి గల్ఫ్‌కు బయలుదేరే స్త్రీకి తన దారిలో యుద్ధం వున్నదో లేదో తెలుసుకునే హక్కు, రాయబారికి వున్నంతే వుంది.