మన బాటలు: లదేణి ఎద్దుల నుంచి రైలు పట్టాల దాకా



చేవెళ్ల, మొయినాబాద్ వైపు గిరిజన బాలికల వసతి గృహంలో మేము చాలా ఏళ్లుగా వార్డెన్‌గా పనిచేస్తున్నాం. ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నోట్సు పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "మేడం, సంచార జాతి అంటే ఇల్లూ వాకిలీ లేనోళ్లా?" అని అడిగింది. బడిలో పక్క బెంచీ పిల్ల అట్లా అన్నదట. "కాదమ్మా, అది వేరే" అని చెప్పి పంపేశాం. భోజనాల వేళ అయింది, అన్నం గిన్నెల దగ్గర ఉండాలి.

అది జవాబు కాదని మాకు తెలుసు. చరిత్ర ఎట్లా బోధించాలో బి.ఎడ్.లో నేర్చుకున్నాం. అయినా మన పిల్ల మన చరిత్ర అడిగితే నోట మాట రాలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి మేము బాకీ పడ్డ జవాబు. మీలో ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు అదే మాట ఎదురై ఉంటుంది కాబట్టి, ఇది మీ అందరికీ కూడా.

తండా అంటే మొదట ఊరు కాదు

ఇవాళ తండా అంటే కొన్ని ఇళ్లు, ఒక వేపచెట్టు, సేవాలాల్ మహారాజ్ గుడి ఉన్న చోటు. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఆ మాటకు అర్థం వేరు. తండా అంటే నడిచే బిడారు. వేల ఎద్దుల వీపుల మీద ధాన్యం, ఉప్పు ఎక్కించుకుని, పిల్లాజెల్లాతో ఊర్లు దాటుకుంటూ పోయే గుంపు. దాన్ని నడిపించేవాడు నాయక్, ఆయనకు తోడు కార్‌భారి. ఎద్దుల మీద సరుకు మోసే ఆ వ్యాపారాన్ని మన పెద్దలు లదేణి అన్నారు. ఎద్దు వీపుకు రెండు పక్కలా వేలాడే జోడు సంచిని తెలుగువాళ్లు పెరిక అన్నారు.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తర భారతంలో ప్రయాణిస్తూ ఒక తండాను చూశాడు. అందులో ధాన్యం మోస్తున్న ఎద్దులు 14,000 అని రాసుకున్నాడు. ఆ శతాబ్దంలోనే వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే కూడా పది, పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే, అదంతా దాటిపోయే దాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని చెప్పాడు.

ఒక్కసారి లెక్క వేయండి. ఒక్కో ఎద్దు ఒక క్వింటాలు మోసిందనుకున్నా, పదివేల ఎద్దులంటే వెయ్యి టన్నులు. ఇవాళ పది టన్నుల లారీలు వంద వరసగా పోతే ఎంతో, అంత సరుకు.

బండ్లు ఉండగా ఎద్దుల వీపు మీదనే ఎందుకు మోశారు? బండికి దారి కావాలి. నల్లరేగడిలో చక్రం దిగబడుతుంది, ఘాట్‌లో పైకి ఎక్కదు, వంతెన లేని వాగు దాటదు. ఎద్దు కాలిబాటలో పోతుంది. పైగా దారి పొడవునా ఉన్న గడ్డే దాని మేత, కాబట్టి మోత ఖర్చు చాలా తక్కువ. మేపుకుంటూ నడిచేవారు కనుక రోజుకు పది పన్నెండు కిలోమీటర్లే సాగేది. వానాకాలంలో గడ్డీ నీళ్లూ ఉన్న చోట దిగి ఆగేవారు. వానలు వెనకబడ్డాక మళ్లీ కదిలేవారు. మన ఆడవాళ్లు గోనెలు కుట్టారు, ఎద్దులకు బరువు ఎక్కించారు, దింపారు, వండారు, దారిలోనే పిల్లల్ని కన్నారు, పెంచారు. ముందు నడిచే ఎద్దును గవ్వలతో, గంటలతో, ఎర్ర బట్టతో అలంకరించేవారు.

ఏ సీమలో ధాన్యం చవక, ఎక్కడ ఉప్పు ప్రియం, ఏ వాగు ఏ నెలలో దాటవచ్చు, ఏ బావిలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయి, ఇదంతా నాయక్ తలలో ఉండాలి. రాత లేని చదువు అది. సేవాలాల్ మహారాజ్ కూడా పశువులతో దారుల వెంట సాగినవారేనని మన పెద్దలు చెబుతారు. కనుక సంచారం అంటే దిక్కులేని తిరుగుడు కాదు. అది వృత్తి. ఒక చోట పండింది ఇంకో చోట కంచంలోకి చేర్చే వృత్తి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మన బిడారులు కరువుకే కాదు, యుద్ధానికీ ధాన్యం మోశాయి. మొగలు సైన్యాల వెంట నడిచాయి. 1791లోనూ, 1799లోనూ టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన ఇంగ్లీషు, నిజాం సైన్యాలకు ధాన్యం అందించాయి. తిండి లేనిదే ఫిరంగి కదలదని ఆ సేనాపతులకు బాగా తెలుసు. మన పూర్వీకుల గొప్ప చెప్పుకునేటప్పుడు దీన్ని కూడా కలిపే చెప్పుకోవాలి.

1874: వాడి నుంచి సికింద్రాబాద్ దాకా

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణే దాకా నడిచింది. ఇరవై ఏళ్లు గడిచేసరికి బొంబాయి, మద్రాసుల మధ్య పట్టాలు కలిశాయి. ఆ లైను మీద వాడి ఒక స్టేషను. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు వాళ్ల పెద్ద కంటోన్మెంటు ఉంది, హైదరాబాద్‌లో నిజాం రాజధాని ఉంది. ఈ రెంటినీ ఆ లైనుకు కలపడానికి నిజాం ప్రభుత్వ ధనంతో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం వేశారు. 1874లో అది మొదలైంది. అప్పటి దివాన్ మొదటి సాలార్‌జంగ్.

ఆ పట్టాలు మన వైపు నుంచే పోయాయి. తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి, అక్కడి నుంచి నగరం. చేవెళ్లకు ఉత్తరాన శంకర్‌పల్లి, పడమట వికారాబాద్. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మాత్రం రైలు రాలేదు, ఇప్పటికీ లేదు. ఆ తరువాత అదే మార్గం తూర్పుకు సాగి, 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా చేరింది.

బిడారు నెలల తరబడి నడిచి చేర్చే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. రైలు కంటే ముందే గట్టి రోడ్లు, వాటి మీద బండ్లు లదేణిని దెబ్బతీయడం మొదలుపెట్టాయి. ఉప్పు మీద ఇంగ్లీషు ప్రభుత్వం పన్నూ గుత్తాధికారమూ బిగించింది. 1878 అటవీ చట్టంతో బ్రిటిష్ పాలన కింది అడవుల్లో మేతకు హద్దులు పడ్డాయి. గడ్డి ఉచితం కాకపోతే ఎద్దు మోత గిట్టదు. అంటే మన వృత్తిని ఒక్క రైలే మింగలేదు. నాలుగు పక్కల నుంచి దారులు మూసుకుపోయాయి, రైలు చివరి తలుపు వేసింది.

రైలు వచ్చింది కనుక కరువు పోయిందా అంటే అదీ లేదు. 1876-78 మధ్య దక్కనులో, దక్షిణాదిలో లక్షల మంది ఆకలితో చనిపోయారు. రైళ్లు కరువు జిల్లాలకు ధాన్యం తెచ్చాయి, ధర ఎక్కువ పలికే చోటికి ధాన్యాన్ని తరలించుకూ పోయాయి. పట్టాలు ఎవరి చేతిలో ఉంటే ప్రయోజనం వాళ్లది. అమెరికాలోనూ ఇట్లాగే అయింది. 1869లో అక్కడ ఖండాన్ని దాటే రైలు మార్గం పూర్తయ్యాక అడవి దున్నల మందలు నాశనమయ్యాయి, వాటి మీద బతికే ఆదివాసులు తమ నేల మీదనే పరాయివాళ్లయ్యారు.

బాట పోయాక

ఎద్దులు అమ్ముకున్నవాళ్లు కట్టెలు కొట్టి అమ్మారు, పశువుల బేరం చేశారు, కూలికి పోయారు, బీడు నేల దున్నారు. నడిచే తండా దిగిన చోటనే ఆగిపోయింది. బిడారు పేరే ఊరి పేరయింది. హైదరాబాద్‌లో ఖరీదైన బంగళాలున్న బంజారాహిల్స్‌కు ఆ పేరు మనవాళ్ల నుంచే వచ్చింది.

పని పోవడం ఒక దెబ్బ. పేరు పోవడం ఇంకో దెబ్బ. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. జాబితాలో పేరున్న వాళ్లు పుట్టుకతోనే అనుమానితులు. ఊరు విడవాలంటే పోలీసులకు చెప్పాలి, హాజరు వేయించుకోవాలి. కొన్ని ప్రాంతాల్లో మన సమూహాలనూ ఆ జాబితాలో చేర్చారు. నిన్నటి దాకా సైన్యానికి ధాన్యం మోసిన నడక, ఇవాళ నేరమయింది. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, పక్క బెంచీ పిల్ల నోట్లో ఆ మాట ఇంకా బతికే ఉంది.

బాట పోయినవాళ్లకు భూమి కావాలి. జనగామ ప్రాంతంలోని ధర్మాపురంలో భూమి కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన జాటోత్ ఠాణు నాయక్‌ను తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర మరిచిపోలేదు. 1976 చట్ట సవరణతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు షెడ్యూల్డు తెగల గుర్తింపు వచ్చింది. మా వసతి గృహం, మీ ఉపకార వేతనం, మీలో కొందరి ఉద్యోగం దాని ఫలాలే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందలాది తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. నడిచే తండా చివరికి సర్పంచ్ కుర్చీ ఉన్న ఊరయింది.

అదే రైలు, అదే రోడ్డు

మా పిల్లల్లో చాలామంది పరిగి, కొడంగల్, తాండూరు వైపు తండాల నుంచి వస్తారు. వాళ్ల అమ్మానాన్నలు దీపావళి పోగానే ముంబై, పుణె వైపు పనికి పోతారు. తాండూరులోనో వికారాబాద్‌లోనో రైలెక్కుతారు. ఆ పట్టాలు 1874 నాటి దారే. మన ఎద్దుల పని తీసుకుపోయిన రైలే ఇప్పుడు మన మనుషుల్ని ఇసుక, ఇటుక మోయడానికి తీసుకుపోతోంది. మొయినాబాద్ చుట్టుపక్కల ఫాంహౌస్‌లలో కాపలాకు, తోటపనికి కుదిరిన కుటుంబాలూ ఉన్నాయి. వసతి గృహం లేకపోతే ఆ పిల్లలు కూడా సంచుల మధ్య కూర్చుని ఆ రైలెక్కేవాళ్లే.

రైలు రాని చేవెళ్లకు బీజాపూర్ రోడ్డు ఉంది. హైదరాబాద్ రాజ్యంలో 1932లో ప్రభుత్వ బస్సులు మొదలుపెట్టింది కూడా రైల్వే శాఖే. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైన ఆ విభాగం నుంచే ఇప్పటి ఆర్టీసీ పెరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయింది. మునుపు నెలకు ఒకసారి కూడా రాలేని తల్లులు ఇప్పుడు జొన్నరొట్టె మూట కట్టుకుని ఆదివారాలు వస్తున్నారు. తల్లి వచ్చి పోయిన వారం పిల్ల చదువు వేరుగా ఉంటుంది. ఇది మేము రిజిస్టర్ చూసి చెప్పే మాట కాదు, పిల్లల ముఖాలు చూసి చెప్పే మాట.

ఈ రోడ్డు పక్కన పాత మర్రిచెట్లు ఉన్నాయి. పోలీసు అకాడమీ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లలో అవి దాదాపు తొమ్మిది వందలు. నడిచేవాళ్లకూ, బండ్లకూ నీడ కోసం పెంచినవి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారంటే, కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. పనులు ఏళ్ల తరబడి ఆగాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న బస్సును కంకర టిప్పర్ ఢీకొంది. చదువు కోసం నగరానికి పోతున్న ఆడపిల్లలు కూడా అందులో చనిపోయారు. మా పిల్లలు ఎక్కే బస్సులు ఆ దారినే తిరుగుతాయి. ఆ వారం తల్లిదండ్రుల ఫోన్లు ఎత్తుతూనే ఉన్నాం. మర్రి నీడా కావాలి, పిల్ల క్షేమంగా చేరే రోడ్డూ కావాలి. ఈ రెండూ కుదిరేలా దారి గీయడం ఇంజనీర్ల పని. ఆ ఇంజనీరు మన తండా పిల్ల అయితే నడిచేవాళ్ల కష్టం ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మీకు చెప్పవలసింది

రైలు వచ్చినప్పుడు మన పెద్దలు తెలివితక్కువై ఓడిపోలేదు. వాళ్లకు దారులన్నీ తెలుసు. కానీ కొత్త దారి ఎక్కడ వేయాలో నిర్ణయించే గదిలో వాళ్లు లేరు. సర్వే గొలుసు వాళ్ల చేతిలో లేదు, చట్టం చదివి చెప్పేవాడు వాళ్ల గుంపులో లేడు. ఇవాళ మళ్లీ పెద్ద రోడ్లు, కొత్త పట్టాలు, వాటి వెంట భూముల ధరలు వస్తున్నాయి. ఈసారి ఆ గదిలో మీరు ఉండాలి. పదో తరగతితో ఆడపిల్లను ఆపేయకండి అని మేము ఇంటింటికీ తిరిగి అడిగేది ఇందుకే.

ఇంకో చిన్న పని. ఈ సెలవుల్లో మీ తాతనో, నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి. మనవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారు, ఏ సరుకు మోశారు, ఎక్కడ ఎందుకు ఆగారు? మన భాషలో ఎట్లా చెబితే అట్లాగే తెలుగు అక్షరాల్లో రాయండి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ తరం వెళ్లిపోతే ఆ దారులు చెప్పేవాళ్లు ఉండరు.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ఇప్పుడు పదిలో ఉంది. ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు ఆమెకు చదివి వినిపించాం. చివరి దాకా విని, "అయితే మేడం, మనోళ్లు తిరిగినందుకే కదా ఊర్లోళ్లు తిన్నది?" అన్నది. అవునమ్మా. రేపు బడిలో ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పు.

జై సేవాలాల్.