దూరం, వేగం, కాలం లెక్కలు: బీజగణిత పద్ధతి

దూరం, వేగం, కాలం లెక్కలన్నిటికీ ఆధారం ఒకే సంబంధం: వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వస్తుంది. ఒకే ప్రయాణమైతే మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది తేలిపోతుంది, బీజగణితం అక్కర్లేదు. రెండు ప్రయాణాలు ముడిపడినప్పుడే దాని అవసరం వస్తుంది. తెలియని రాశికి ఒక అక్షరం పెట్టి, ఆ రెండు ప్రయాణాల్లో ఏది సమానమో, ఏవి కలిస్తే మొత్తం అవుతుందో పట్టుకోవాలి. లెక్కలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. సమీకరణం కుదిరాక మిగిలేది దాన్ని సాధించడమే.

ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్‌కు లెక్క కోసం 50 కి.మీ. అనుకుంటే, ఉట్నూర్‌లో 8 గంటలకు బయలుదేరిన బస్సు గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తోంది. ఆదిలాబాద్‌లో 8:15కు బయలుదేరిన జీపు గంటకు 60 కి.మీ. వేగంతో ఎదురొస్తోంది. బస్సు t గంటలు నడిచాక రెండూ కలిస్తే, జీపు నడిచింది t − ¼ గంట. రెండు దూరాలు కలిపితే మొత్తం రోడ్డు కాబట్టి 40t + 60(t − ¼) = 50. దీన్నుంచి 100t = 65, t = 0.65 గంట, అంటే 39 నిమిషాలు. 8:39కి ఉట్నూర్‌కు 26 కి.మీ. దూరంలో కలుస్తాయి. జీపు వచ్చింది 24 కి.మీ.; రెండూ కలిపితే 50, లెక్క సరిపోయింది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది t − 15 అని రాసినప్పుడు. వేగం గంటల లెక్కన ఉంటే కాలమూ గంటల్లోనే ఉండాలి.

ఒకేచోటు నుంచి ఒకే దిక్కున వెళ్లేవాటిలో ఒకటి మరోదాన్ని అందుకునేసరికి రెండింటి దూరాలు సమానం. ఉట్నూర్ నుంచి జన్నారం మీదుగా మంచిర్యాల వెళ్లే అదే వేగం బస్సును అక్కడి నుంచే అరగంట తర్వాత బయలుదేరిన జీపు అందుకోవాలంటే 40t = 60(t − ½); t = 1½ గంటలు, 60 కి.మీ. దగ్గర.

ఈ రెండు రకాల లెక్కలకూ సూత్రం పాతదే. కలిసే కాలం తెలియాలంటే, ఎదురెదురుగా వస్తే మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో, ఒకే దిక్కున వెళ్తే వేగాల భేదంతో భాగించాలని ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో చెప్పాడు. ప్రయాణ లెక్కలున్న మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

సగటు వేగం దగ్గర చాలామంది తప్పుతారు. వెళ్లేటప్పుడు 60, వచ్చేటప్పుడు 40 అయితే సగటు 50 కాదు. ఒకవైపు దూరం d అయితే పట్టిన కాలం d/60 + d/40 = d/24. 2d ని దానితో భాగిస్తే 48. నెమ్మదిగా నడిచిన దారిలో ఎక్కువసేపు గడుస్తుంది కాబట్టి సగటు అటే మొగ్గుతుంది. మజిలీల సంగతీ గమనించాలి. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం కేస్లాపూర్ నుంచి కాలినడకన వెళ్లి వస్తారు. దారిలో రాత్రి బసలుంటాయి. అలాంటి ప్రయాణంలో మొత్తం దూరాన్ని మొత్తం రోజులతో భాగిస్తే వచ్చేది నడక వేగం కాదు.

తెలియనిది హారంలో ఉంటే వర్గ సమీకరణం రావచ్చు. 60 కి.మీ. దారిలో వేగం v ని 10 పెంచితే గంట ఆదా అయ్యే లెక్కలో 60/v − 60/(v + 10) = 1. దీన్ని సరిచేస్తే v² + 10v − 600 = 0; మూలాలు 20, −30. వేగం రుణాత్మకం కాదు కాబట్టి జవాబు గంటకు 20 కి.మీ.