విద్రుమములోని శైవలము

సంస్కృత నిఘంటువులలో పగడమునకు విద్రుమమని పేరు. విశిష్టమైన ద్రుమము, అనగా చెట్టు, అని బడిలో నేనును పిల్లలకు అర్థము చెప్పియున్నాను. ఆ యొక్క మాటవెనుక నెంత వివాదము జరిగినదో నాకప్పుడు తెలియదు.

ఐరోపా పండితులును పగడమును చెట్టనియే యెంచిరి. 1725 ప్రాంతమున మార్సెయివాసియగు పెసొనెల్ అను వైద్యుడు పగడపుకొమ్మను సముద్రజలమున నుంచి చూచెను. పువ్వులని పెద్దలు వర్ణించినవి నీరు నిశ్చలముగా నున్నప్పుడు విప్పారి, కదలించినంతనే ముడుచుకొనెను. ఇవి పువ్వులు కావు, ప్రాణులని యాతడు వ్రాసెను. 1727లో రేమూర్ ఆ సంగతిని పారిసు విజ్ఞానపరిషత్తునకు వినిపించుచు, నవ్వులపాలగునని జాలిపడి కాబోలు, పెసొనెల్ పేరు చెప్పడయ్యెను! పదునైదేండ్ల పిమ్మట నాతడే తన పొరపాటు నొప్పుకొనెను.

ఇట్లు చెట్టు కాదని తేలెను. కాని వృక్షజాతి మరల లోపలినుండియే బయలుపడినది. కొన్ని సముద్రప్రాణుల దేహములందలి పసుపువన్నె కణములు శైవలములని, అనగా నాచుజాతివని, 1881లో జర్మను పండితుడు బ్రాంట్ చూపి వానికి జూజాంథెల్లా యని పేరిడెను. దిబ్బలు కట్టు పగడపుపురుగులలో నివి కాపురముండి, సూర్యకాంతితో చక్కెర చేసి యింటివారికి పెట్టును. వారు విసర్జించిన మలినమే వీనికి ఎరువు. (నగలలోని యెఱ్ఱపగడమున కీ కాపురము లేదు, అది వెలుగు తక్కువైన నీట పెరుగును.) వేడి మించినచో శైవలములు వెడలిపోయి పగడము తెల్లబాఱును. 1928-29లో ఆస్ట్రేలియా తీరపు పగడపుదిబ్బకు యోంగు నాయకత్వమున వెళ్లినవారు దీనిని గమనించిరి.

అంతటితో నాగలేదు. తమంతట వృద్ధిపొందలేక జీవకణముల జొచ్చి పెరుగునవి వైరసులు. సముద్రపుష్పమను ప్రాణినుండి తీసిన యీ శైవలములను వేడిచేయగా వైరసులను బోలిన రేణువులు పుట్టినవని 2001లో విల్సను మొదలగువారు ప్రకటించిరి. 2017లో మఱికొందఱు, వేడికి తాళలేని శైవలములందు వైరసు ఛాయలు మిక్కుటముగా నుండుట చూపిరి. ఆ వేడి తగులకమున్నే యట్లుండెనట! తెల్లబాఱుటకు ఎండయొక్కటియే కారణమని యెంచినవారి కిది కొత్తచిక్కు.

ఇంతకంటె పెద్ద చిక్కు ఫ్లోరిడాది. 2014లో మయామీ సమీపమున పగడముల మాంసము రాలి యస్థిపంజరము మిగులు తెగులు కనబడి, కరీబియను సముద్రమున వ్యాపించినది. వందలయేండ్ల పగడములు కొలది వారములలోనే నశించినవి. రోగముపట్టిన పగడములలోని శైవలకణములయందు దారమువంటి వైరసురేణువులను 2021లో చూచిరి. పగడమునకు కాక దాని యతిథికే రోగమా? ఆ యూహ నాకు బాగుగనే తోచినది. కాని యట్టి రేణువులు రోగము లేనట్లు కనబడు పగడములందును గలవు. పైగా అమాక్సిసిలిన్ అను మందు పుండును పెక్కుమార్లు నిలుపుచున్నది. అది బాక్టీరియాల మందు, వైరసుల నేమియు చేయదు. పండితులు వాదించుకొనుచుండగనే, నీట మునుగువారు ఆ మందును ముద్దగా కలిపి, ఒక్కొక్క పగడమునకు చేతితో పూయుచున్నారు.