అక్రిడిటేషన్: శ్రద్ధకు దూరపు చుట్టం

అక్రిడిటేషన్ అనగానే మనకు విలేకరుల కార్డు గుర్తొస్తుంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. మూలం లాటిన్ ‘క్రేదెరే’, అంటే నమ్మడం. అరువిచ్చే క్రెడిట్‌కూ పుట్టిల్లు అదే. మన ‘శ్రద్ధ’ కూడా అదే ఇండో-యూరోపియన్ వేరు నుంచి వచ్చిందని భాషావేత్తల మాట. సంస్కృతంలో శ్రద్ధ అంటే ముందు విశ్వాసం. తెలుగు నోట అది ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడం అయింది.

వైద్య పరికరాల వ్యాపారంలో ఈ రెండర్థాలూ కావాలి. కంపెనీ డీలరు కాని స్వతంత్ర విక్రేత కొత్త పరికరం తెస్తే, అసలుదేనా, నిల్వ సరిగ్గా ఉందా అని ఆసుపత్రికి అనుమానం. విక్రేతల సంఘాలు తనిఖీ చేశాకే సభ్యత్వమిచ్చే పద్ధతి అందుకే. మన దేశంలో వైద్య పరికరాల నియమాలకు 2022లో వచ్చిన సవరణతో, మందుల అమ్మకం లైసెన్సు లేనివారు పరికరాలు అమ్మాలంటే ఎండీ-42 పత్రం తీసుకోవాలి. అది సర్కారు రిజిస్ట్రేషన్, అక్రిడిటేషన్ కాదు. నిక్కచ్చిగా చూస్తే, వైద్య పరికరాల నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 13485 పత్రాలు జారీచేసే సంస్థకు దక్కేది అక్రిడిటేషన్. పత్రం అందుకున్న వ్యాపారికి దక్కేది సర్టిఫికేషనే. దుకాణం బోర్డు రాసేవాళ్లకు ఈ తేడా పట్టదు, రాయించేవాళ్లకు అసలే పట్టదు.